ఖాళీ వ్యాగన్ ఎప్పుడు తిరిగొస్తుంది: గుంతకల్లు నుంచి నందలూరు దాకా

మొదటి రోజు: గుంతకల్లు

గుంతకల్లు స్టేషన్ నుంచి అయిదు వైపులకు పట్టాలు పోతాయి. రాయచూరు, బళ్లారి, ధోన్, ధర్మవరం, గుత్తి. ఈరోజు అన్నీ ఒకే వెడల్పు. ఒకప్పుడు అట్లా లేదు. మద్రాసు నుంచి బొంబాయికి పోయే పెద్ద లైను అయిదున్నర అడుగుల బ్రాడ్ గేజ్. బళ్లారి వైపు, నంద్యాల వైపు పోయేవి 1990ల దాకా మీటర్ గేజ్. ధర్మవరం మీదుగా బెంగళూరు పోయేది కూడా చాలా ఏళ్లు మీటర్ గేజే. ఒక లైను మీద వచ్చిన వ్యాగన్ రెండో లైను ఎక్కలేదు. బస్తా అయినా, బొగ్గు అయినా, ఇనుప దూలం అయినా ఇక్కడ దించి అక్కడ ఎక్కించాల్సిందే.

యుద్ధాల గురించి తెలుగులో చాలా చదివాను. ఎవరు ఏ కొండ పట్టుకున్నారో, ఎవరు ఎక్కడ ఓడిపోయారో అన్నీ ఉంటాయి. ఆ కొండ మీద ఉన్నవాడికి బియ్యం, తూటాలు, మందులు ఎట్లా చేరాయో ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకు తెలుసుకోవాలని ఉన్నది ఆ రెండు వాక్యాల వెనక ఉన్న పని. మా సీమలో దాన్ని చూడటానికి గుంతకల్లు కంటే మంచి చోటు లేదు.

స్టేషన్ బయట ఉగ్గాని, బజ్జీ తిని, పాత ట్రాన్స్‌షిప్‌మెంట్ షెడ్డులో లెక్కలు రాసిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన మనిషి. నడుము వంగింది గానీ మాట గట్టిగానే ఉంది. చాలా బరువు పని కదా అని నేను మొదలుపెట్టగానే ఆపేశారు.

"బస్తా మోసేదానికి మనుషులు దొరుకుతారప్పా. పక్కన ఖాళీ పెట్టె నిలబడల్ల గదా! పెద్ద లైను పెట్టె వచ్చి కూసోని ఉంటాది. చిన్న లైను పెట్టె రాదు. హమాలీ ఏం జేస్తాడు? నీడకు పోయి కూసుంటాడు."

మధ్యలో ప్లాట్‌ఫారం, ఒకపక్క పెద్ద వ్యాగన్, ఇంకోపక్క చిన్న వ్యాగన్. పెద్దదానిలో పట్టే సరుకు చిన్నదానిలో పట్టదు. మిగిలింది రెండో దాంట్లో వేయాలి. రెండో దానికి వేరే సీలు, వేరే చీటీ, వేరే లెక్క. నూరు బస్తాలు దిగి తొంభై తొమ్మిది ఎక్కితే ఆ ఒక్క బస్తా కోసం సాయంత్రం దాకా వెతుకులాట. ఆయన గోడకు ఆనుకుని, వేళ్లతో గాల్లో గీతలు గీసి చూపించారు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత. అయిదు బస్తాలు. కళ్లు మూసుకుని కూడా ఆ చేయి ఆగలేదు.

మామూలు రోజుల్లోనే ఇంత తిప్పలుంటే యుద్ధంలో ఎట్లా ఉంటుందో ఊహించుకోవడానికి గుంతకల్లును మనసులో పెట్టుకుని అస్సాం వైపు చూడాలి. 1942లో బర్మా జపాన్ చేతికి పోయాక బ్రిటిష్, భారత సేనలకూ, చైనాకు సాయం పంపుతున్న అమెరికన్లకూ పెద్ద దిక్కు బెంగాల్–అస్సాం రైల్వే. అది తేయాకు మోయడానికి వేసిన మీటర్ గేజ్ లైను. కలకత్తా రేవులో దిగిన సరుకు కొంతదూరం బ్రాడ్ గేజ్ మీద పోయి, పార్వతీపూర్ లాంటి చోట మీటర్ గేజ్‌కు మారాలి. ఆ తర్వాత బ్రహ్మపుత్ర. ఆ నది మీద అప్పటికి వంతెన లేదు. గౌహతి దగ్గర సరాయ్‌ఘాట్ వంతెన వచ్చింది 1960లలో. అమీన్‌గావ్ దగ్గర వ్యాగన్లను పడవల మీదికి ఎక్కించి, అవతల పాండు దగ్గర దించి, మళ్లీ ఇంజిన్ తగిలించి దిమాపూర్‌కో, ఇంకా పైన లేడోకో లాక్కుపోవాలి. వానాకాలం నది ఒక తీరు, ఎండాకాలం ఇంకో తీరు. రేవు కూడా నీటితోపాటు జరుగుతూ ఉండేది.

1944 మార్చి 1న కటిహార్ నుంచి లేడో దాకా ఉన్న 804 మైళ్ల లైను నడిపే బాధ్యతను అమెరికన్ సైనిక రైల్వే దళాలు తీసుకున్నాయి. అదే నెలలో జపాన్ సేనలు ఇంఫాల్ మీదికి వచ్చాయి. ఏప్రిల్‌లో కోహిమా ముట్టడి. కోహిమాకు 46 మైళ్ల దూరంలో ఉన్న దిమాపూర్ ఆ యుద్ధానికంతటికీ రైలు కొస. గుట్టలు గుట్టలుగా సరుకు అక్కడే ఉంది. దిమాపూర్ జపాన్ చేతికి పోయి ఉంటే ముందున్న సేనకూ, వెనకున్న లైనుకూ ఇద్దరికీ గండమే. అమెరికన్లు చేసిన మార్పుల్లో పెద్ద మంత్రమేమీ లేదు. రైళ్లను పొడవు చేశారు, యార్డుల్లో వ్యాగన్లు పడి ఉండకుండా తరిమారు, మీటర్ గేజ్ కోసం ప్రత్యేకంగా చేయించిన కొత్త ఇంజిన్లు దించారు. పెట్రోలుకైతే కలకత్తా దగ్గరి బజ్‌బజ్ నుంచి అస్సాంకు గొట్టపు లైనే వేసి, అంతమేరకు రైలు మీద భారం తగ్గించారు.

ఈ సంగతి చెప్తే పెద్దాయన తల ఊపి, "పెట్టె నిలబడకుండా చూసినారు. అంతే గదా!" అన్నారు. అంతే. కానీ అంతకుముందు రెండేళ్లు ఎవరివల్లా కాని పని అది.

రెండో రోజు: గుత్తి

గుంతకల్లు నుంచి గుత్తి దగ్గరే. మధ్యలో ఒకచోట మా ప్యాసింజర్‌ను పక్కనున్న లూప్ లైనులో పెట్టారు. మెయిన్ లైను మీద మిలిటరీ స్పెషల్ పోయింది. చదునైన వ్యాగన్ల మీద టార్పాలిన్ కప్పిన లారీలు వరసగా ఉన్నాయి. ఫొటో తీయలేదు, తీయకూడదు కూడా. కంటికి కనబడింది మాత్రం చెప్తాను: ప్రతి లారీ చక్రం ముందూ వెనకా చెక్క దిమ్మెలు, నాలుగు మూలల నుంచి బిగించిన గొలుసులు. రెండు వ్యాగన్లకు ఒక జవాను చొప్పున గొలుసుల దగ్గరే కూర్చున్నాడు.

ఆ లారీలను పక్కనుంచి క్రేనుతో ఎత్తి పెట్టరు. వ్యాగన్ల వరస చివర ర్యాంపు పెట్టి, మొదటి లారీని వ్యాగన్ మీదినుంచి వ్యాగన్ మీదికి నడుపుకుంటూ ముందు కొస దాకా తీసుకుపోతారు. దాని వెనక రెండోది, మూడోది. దిగే చోట ర్యాంపు ఏ వైపు ఉందో ముందే తెలియాలి. లేకపోతే మొదట కావాల్సిన బండి చిట్టచివర ఇరుక్కుంటుంది. వెడల్పు ఎక్కువున్న ట్యాంకులైతే ఇంకో చిక్కు. కొలతకు మించిన సరుకుగా లెక్కగట్టి వేగం తగ్గిస్తారు, ఎదురు లైను మీద బండ్లను ఆపుతారు. వంతెన దగ్గర, ప్లాట్‌ఫారం అంచు దగ్గర, సొరంగం దగ్గర అంగుళాలు చూసుకోవాలి. యుద్ధకాలంలో ఇది రాత్రి పూట, దీపాలు ఆర్పేసి చేయాలి.

మా పెట్టెలో ఒకాయన ఆలస్యమైందని విసుక్కున్నాడు. పక్కనున్నావిడ, "పోనీలేన్నా, వాళ్లూ మన పిల్లోళ్లే గదా!" అంది. ఆయన సర్దుకుని కూర్చున్నాడు.

గుత్తి కోట ఎక్కలేదు. కొండ కింద పాత సమాధుల తోటకు మాత్రం వెళ్లాను. దత్త మండలాల తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట పూడ్చింది గుత్తిలోనే. తర్వాత మద్రాసుకు తరలించారు. మన్రో పడుచుతనంలో చూసిన మైసూరు యుద్ధాల్లో రైలు లేదు, ఎద్దు ఉంది. 1791 మే నెలలో ఇంగ్లీషు గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ టిప్పు ఉన్న శ్రీరంగపట్నం దాకా పోయి కూడా కోటను ముట్టుకోలేకపోయాడు. ఫిరంగులు లాగే ఎద్దులు మేత లేక, రోగాలొచ్చి చచ్చాయి. పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పాడుచేసి వెనక్కి తిరిగాడు.

ఆ రోజుల్లో సేనలకు ధాన్యం తోలింది లంబాడీలు. గుత్తి మండలంలోనే గొల్లలదొడ్డి దగ్గర సేవాగఢ్ ఉంది. బంజారాల ఆరాధ్య గురువు సేవాలాల్ మహరాజ్ 1739లో పుట్టిన చోటుగా దేశం నలుమూలల నుంచి ఫిబ్రవరిలో జనం అక్కడికి వస్తారు. నేను వెళ్లిన రోజు జనం లేరు. గుడి దగ్గర కూర్చున్న ఒక తండా పెద్ద తమ పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, గింజలు వేసుకుని సముద్రం దాకా పోయేవాళ్లని చెప్పారు. వేల ఎద్దులతో ఒక ఊరే కదిలినట్టు కదిలేవాళ్లు. యుద్ధంలో ఉన్న రెండు పక్షాలూ వాళ్లను ముట్టుకునేవి కావు. వాళ్లను కొడితే రేపు గింజలు ఎవరు తెస్తారు? ఈ ఇంగితం మన చరిత్రలో ఉన్నందుకు నాకు గర్వంగా అనిపించింది.

రైలు వచ్చి వాళ్ల బతుకుతెరువు తీసేసింది. 1871లో మద్రాసు రైల్వే రాయచూరు చేరి బొంబాయి వైపు లైనుతో కలిసింది. అయిదేళ్లకు ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా సీమ ఎండిపోయింది. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగం. వేరే జిల్లా అయింది 1882లో. ఆ కరువులో రైలు ధాన్యం తెచ్చింది, నిజమే. ఒంటి లైను, చాలని వ్యాగన్లు, మద్రాసు రేవులో వానకు తడిసిన బస్తాలు, అదీ నిజమే. స్టేషన్ దాకా చేరిన గింజ పల్లెకు చేరాలంటే బండి కావాలి, బండికి ఎద్దు కావాలి. ఎద్దులు మేత లేక అప్పటికే పడిపోయాయి. కార్న్‌వాలిస్‌ను వెనక్కి తిప్పిన కారణమే ఎనభై అయిదేళ్ల తర్వాత మన పల్లెల్లో మనుషులను చంపింది.

మూడో రోజు: ధోన్, కర్నూలు

ఈ రోజు గురించి కొద్దిగానే చెప్తాను. సికింద్రాబాద్ నుంచి నిజాం రైల్వే మీటర్ గేజ్ లైను తుంగభద్ర దాటి, కర్నూలు మీదుగా ద్రోణాచలం దాకా వచ్చేది. ద్రోణాచలం అంటే ఇప్పటి ధోన్. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు కర్నూలు సరిహద్దు ఊరు. నది ఇవతల మద్రాసు ప్రావిన్సు, అవతల హైదరాబాదు సంస్థానం. అంతకుముందు నెలలకొద్దీ సరుకుల రాకపోకలు బిగించేశారు. నదికి అడ్డంగా ఉన్న వంతెనలు రెండు పక్షాలకూ కంట్లో నలుసే.

సాయంత్రం నది ఒడ్డున నిలబడి ఆ వంతెన వైపు చూశాను. రైలు వంతెనను కాపాడటానికి ఎంతమంది కావాలి, పేల్చడానికి ఎంతమంది చాలు అని లెక్క వేసుకుంటే యుద్ధంలో రైల్వేల అసలు బలహీనత అర్థమవుతుంది. రోడ్డు తెగితే పక్క చేలోంచి పోవచ్చు. పట్టా తెగితే వెనకున్న బండ్లన్నీ నిలబడాల్సిందే.

నాలుగో రోజు: తాడిపత్రి, మంగపట్నం, కడప

మళ్లీ గుత్తికి వచ్చి కడప బండి ఎక్కాను. తాడిపత్రి దాటాక కిటికీ రెండు పక్కలా నాపరాళ్లే. ఆ నేలలో నీళ్లు దొరకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆవిరి ఇంజిన్‌కు బొగ్గు కంటే ముందు కావాల్సింది నీళ్లు. దొరికిన నీళ్లు కూడా ఉప్పవి, చౌడువి. అవి మరిగితే బాయిలర్ లోపల సున్నపు పొర కడుతుంది. ఆపి కడగాలి. కడిగిన రోజు ఆ ఇంజిన్ లెక్కలో లేనట్టే.

1941లో హిట్లర్ సేన రష్యాలో దూసుకుపోయి ఇలాంటి చోటే తన్నుకుంది. రష్యా పట్టాలు 1524 మిల్లీమీటర్లు, జర్మనీవి 1435. పట్టా పీకి లోపలికి జరిపి కొట్టుకుంటూ పోవాలి. పట్టా జరపడం త్వరగానే అయింది. కానీ రష్యా ఇంజిన్లు పెద్దవి, ఎక్కువ దూరం ఆగకుండా పోతాయి కాబట్టి వాళ్ల నీటి స్టేషన్లు దూరదూరంగా ఉన్నాయి. జర్మన్ ఇంజిన్లకు ఆ దూరం అందదు. చలికాలం రాగానే బాయిలర్ బయట ఉన్న గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగిలాయి. మాస్కో ముందు నిలబడిన సైనికుడికి చలికోటు రాలేదు. పోలండులో మూటలు మాత్రం ఉన్నాయి. సరుకు లేక కాదు, పెట్టె కదలక.

ముద్దనూరుకు ముందు మంగపట్నం. చిన్న స్టేషన్, మా బండి ఆగలేదు. 1902 సెప్టెంబరులో వరదకు ఇక్కడి వంతెన కూలి, మద్రాసు నుంచి బొంబాయి పోయే మెయిలు రాత్రిపూట వాగులో పడింది. 71 మంది చనిపోయారు. శాంతికాలంలో, ఎవరూ బాంబు వేయకుండానే. కడప జిల్లాలో ఏడాదంతా ఎండి ఉండే వాగు ఒక్క రాత్రిలో ఏం చేస్తుందో బయటినుంచి వచ్చిన ఇంజనీర్లకు అంతుబట్టేది కాదు.

కమలాపురం దగ్గర పాపాఘ్ని దాటుతుంటే 1942 గుర్తొచ్చింది. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. కోస్తా వెంట కలకత్తా పోయే లైను సముద్రానికి ఎంత దగ్గరో అందరికీ ఒక్కసారిగా తెలిసొచ్చింది. ఆగస్టులో క్విట్ ఇండియా. తెనాలి స్టేషన్ తగలబడింది, అక్కడ కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. బీహార్‌లో పట్టాలు పీకేశారు. ఉద్యమంలో ఉన్నవాళ్లకూ, అణచినవాళ్లకూ ఒకే సంగతి తెలుసు: తూర్పున యుద్ధం ఆ పట్టాల మీదే నడుస్తోంది. అదే కాలంలో ఇక్కడి మీటర్ గేజ్ ఇంజిన్లు, వ్యాగన్లు ఓడలెక్కి పశ్చిమాసియాకు పోయాయి. దేశంలో కొన్ని బ్రాంచి లైన్లనే పీకి పంపారు. మిగిలిన పెట్టెల్లో సైన్యం వాటా పోగా ధాన్యానికి ఎంత దక్కిందో 1943లో బెంగాల్ చూసింది. ఆ కరువుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిల్లో రవాణాను ఏది ముందు, ఏది వెనక అని నిర్ణయించిన చేతుల పాపం చిన్నది కాదని నా గట్టి నమ్మకం.

కడపలో కారం దోశ తిని, రాత్రి పాత నోట్సు తిరగేశాను. అమెరికా అంతర్యుద్ధంలో 1862లో ఉత్తరాది సైనిక రైళ్లను చక్కబెట్టిన హెర్మన్ హాప్ట్ అనే ఇంజనీరు పెట్టుకున్న నియమాలు అందులో ఉన్నాయి. ముందున్న దళానికి కావాల్సినంతే పంపాలి. వచ్చిన వ్యాగన్ వెంటనే దించాలి. ఖాళీ పెట్టె వెంటనే తిరగాలి. వ్యాగన్లను గోడౌనులుగా వాడుకునే అధికారులతో ఆయన గొడవ పడని రోజు లేదు. సైన్యాధికారి ఎంత పెద్దవాడైనా సరే, బండ్ల నడకలో చేయి పెట్టకూడదన్నాడు. గుంతకల్లు పెద్దాయన చెప్పింది కూడా ఇదే.

అయిదో రోజు: నందలూరు

ఒంటిమిట్ట దాటాక చెయ్యేరు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్లను ముంచేసినప్పుడు ఈ దగ్గర్లోనే పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. పట్టాలు స్లీపర్లతో సహా గాల్లో వేలాడిన బొమ్మ ఇక్కడ అందరి ఫోన్లలో ఉంది. మద్రాసు–బొంబాయి బండ్లు వేరే దారిన తిప్పారు. రైల్వే గ్యాంగులు రాత్రింబవళ్లు కట్ట పోశాయి. యుద్ధంలో బాంబు పడ్డ లైనును బాగుచేసేది కూడా ఇట్లాంటి గ్యాంగులే, అదనంగా నెత్తిమీద విమానాలు ఉంటాయి.

నందలూరు ఒకప్పుడు ఇంజిన్ల ఊరు. ఆవిరి కాలంలో ఇక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. డీజిల్ వచ్చాక ఊరి కళ పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. సౌమ్యనాథస్వామి గుడి దగ్గర, ఒకప్పుడు ఇంజిన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసిన ఒక తాతను కలిశాను. 1971లో ఆయన పడుచువాడు. డిసెంబరు యుద్ధానికి ముందు నుంచే స్పెషళ్లు పోయాయట. కాగితంలో నంబరే గానీ సరుకు పేరుండదు.

"నీళ్లు పట్టుకునేదానికి ఇంత టైమని రాసిస్తారు. అంతలోపల ఇంజిన్ ఎనక నీళ్ల టెండర్ నిండల్ల, బూడిద దించల్ల, ఆయిలు పెట్టల్ల. ఒంటి లైను గదా, ముందుపోయే బండి టోకెన్ రాకుంటే మనం కదిలేదానికి లేదు. ఆ రింగు అందుకునేటప్పుడు చెయ్యి జారితే బండి ఆపల్ల. ఆపినోడు సచ్చినట్టే, అంత టెన్షను!"

వెదురు వలయానికి తోలు సంచీ, అందులో ఇనుప గుండు. అదే టోకెన్, ముందు లైను ఖాళీగా ఉంది పొమ్మనే అనుమతి. కదులుతున్న ఇంజిన్ మెట్టు మీద వేలాడుతూ మోచేతికి పడేట్టు దాన్ని ఎట్లా అందుకునేవారో లేచి నిలబడి చూపించారు. మోచేతి లోపల నల్లగా కమిలిన పాత మచ్చ ఇంకా ఉంది.

ఆయనకు గద్రా రోడ్డు అనే స్టేషన్ సంగతి చెప్పాను. 1965 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున, బాడ్‌మేర్ నుంచి పోయే మీటర్ గేజ్ లైను మీద సైన్యానికి సరుకు చేరవేస్తూ పాకిస్తాన్ విమానాల దాడుల్లో 17 మంది రైల్వే ఉద్యోగులు చనిపోయారు. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గ్యాంగ్‌మన్లు. అక్కడ వాళ్లకు స్మారకం ఉంది, ఏటా సెప్టెంబరులో తోటి ఉద్యోగులు పోయి దండం పెట్టి వస్తారు. తాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్లల్లో ఫైర్‌మన్లు ఎంతమందని అడిగారు.

చివరగా నేను అడగాలనుకున్నది అడిగాను. "తాతా, ఆ ఖాళీ పెట్టెలు తిరిగొచ్చినాయా?"

"రాకేం! యుద్ధం అయిపోయినాంక నెలకు పైనే పట్టింది. కొన్నిట్లో గడ్డి, కంచరగాడిదల లద్దె. ఒకదాంట్లో చక్రాల కింద పెట్టే చెక్కదిమ్మెలు మర్చిపోయినారు. కడిగి, ఎండబెట్టి, ఎర్రగుంట్లలో నాపరాళ్లకు పెట్టిరి. రాళ్లోళ్లు అప్పటికే పెట్టెలు లేవని నెల నుంచి గలాటా చేస్తా ఉన్నారు గదా."